మాంచెస్టర్ యునైటెడ్ అభిమాన సంఘాలకు బహిరంగ లేఖ: నిరసన రూపం కన్నా ముందు తేలవలసిన ప్రశ్న

అభిమానుల ట్రస్టు నిర్వాహకులకు, ‘1958’ బృందం కార్యకర్తలకు, ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ సహ యజమానులకు, ఏ సంఘంలోనూ చేరకుండా ఓల్డ్ ట్రాఫర్డ్ గ్యాలరీల్లో కూర్చుంటున్న వేలాది సీజన్ టికెట్‌దారులకు,

గ్లేజర్ కుటుంబం 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌ను హస్తగతం చేసుకున్న నాటి నుంచి ఆ యాజమాన్యం క్లబ్‌కు మేలు చేసిందని వాదించే అభిమానులు అరుదు. అయినా వ్యతిరేకతను ఏ రూపంలో చూపాలన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అదే అభిమాన సమాజం రెండుగా, మూడుగా చీలిపోతూ వచ్చింది. టికెట్టే కొనకూడదనేవారు ఒకవైపు, టికెట్ కొని లోపల కూర్చునే గొంతెత్తాలనేవారు మరొకవైపు నిలువగా, ఊరేగింపు చాలనేవారికీ ఆటనే ఆపాలనేవారికీ మధ్య ఇంకొక గీత పడింది. యజమానుల మీదకు వెళ్లవలసిన కోపంలో చాలా భాగం ఇరవై ఏళ్లుగా తోటి అభిమానుల మీదనే ఖర్చవుతోంది. ఏ మార్పు వస్తే ఉద్యమం గెలిచినట్లు అన్న ప్రశ్నకు సంఘాలన్నిటికీ కలిపి ఒక్క జవాబు లేనంతకాలం ఏ నిరసన రూపమైనా సగంలోనే ఆగిపోతుందన్నది ఈ లేఖ వాదం.

చీలికకు మూలం కొనుగోలు జరిగిన తీరులోనే ఉంది. ఐర్లాండు వ్యాపారులు జె.పి. మెక్‌మానస్, జాన్ మాగ్నియర్ తమ చేతిలోని 28.7 శాతం వాటాను 2005 మే 12న అమ్మడంతో అమెరికా వ్యాపారి మాల్కం గ్లేజర్‌కు క్లబ్‌పై పట్టు చిక్కింది. మొత్తం కొనుగోలు విలువ సుమారు 79 కోట్ల పౌండ్లు కాగా, అందులో అధిక భాగం అప్పుగా తెచ్చిన సొమ్ము. ఆర్థిక పరిభాషలో లెవరేజ్డ్ బైఅవుట్ అనే ఈ పద్ధతిలో కొనబోయే సంస్థ ఆస్తులనూ రాబోయే ఆదాయాన్నీ హామీగా చూపి అప్పు తెస్తారు, కొనుగోలు పూర్తయ్యాక ఆ అప్పును ఆ సంస్థ నెత్తినే పెడతారు. కొనే ఇంటినే తాకట్టు పెట్టి, దాని కిస్తీలను అందులో అద్దెకుంటున్నవారి చేత కట్టించుకోవడం వంటిది ఇది. 1931 తర్వాత అప్పుల్లో పడని క్లబ్ ఈ విధంగా అప్పులపాలైంది. ఆ అప్పులో ఒక భాగం, వడ్డీని ఏటేటా చెల్లించకుండా అసలులో కలుపుతూ పోయే రకానికి చెందినది. దాని వడ్డీ రేటు 14.25 శాతం. 2009 మధ్య నాటికి క్లబ్‌నూ దాని మాతృసంస్థలనూ కలిపి చూస్తే అప్పు 71.65 కోట్ల పౌండ్లకు చేరింది.

ఈ లెక్కల కన్నా తక్కువగా గుర్తుంచుకున్న విషయం మరొకటి ఉంది. అంతకుముందు క్లబ్ షేర్లు లండన్ స్టాక్ మార్కెట్లో అమ్మకానికి ఉండేవి. వేలాది అభిమానులు ఒకటో రెండో షేర్లు కొని, వార్షిక సమావేశానికి హాజరై, డైరెక్టర్లను నిలదీసే హక్కు పొందేవారు. కొనుగోలుదారు వాటా ఒక పరిమితిని దాటగానే మిగిలినవారి షేర్లను వారి ఇష్టంతో పని లేకుండా కొనే అధికారం బ్రిటిష్ కంపెనీ చట్టం ఇస్తుంది కాబట్టి, 2005లో ఆ చిన్న వాటాదారులందరి చేతుల్లోంచి షేర్లు వెళ్లిపోయాయి. సభలో అడిగే హక్కు పోయినవారికి మిగిలేది వీధి ఒక్కటే. అంటే నిరసన రూపం మీద వాదం అభిమానులు తమంతట తాము తెచ్చుకున్నది అనడం న్యాయం కాదు. చట్టబద్ధమైన వేదిక మూతపడిన చోట ఆ వాదం పుట్టింది.

ఆ వేసవిలోనే మొదటి పెద్ద చీలిక వచ్చింది. కొందరు సీజన్ టికెట్లు వదులుకుని ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ పేరుతో సొంత క్లబ్ స్థాపించి, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నిచ్చెనలో పదో మెట్టున ఉన్న నార్త్ వెస్ట్ కౌంటీస్ లీగ్ రెండో డివిజన్‌లో ఆట మొదలుపెట్టారు. పెట్టుబడి ఎంతైనా సభ్యునికి ఒకే ఓటు అన్న సహకార సూత్రం మీద నడిచే ఆ క్లబ్ తొలి మూడేళ్లలో వరసగా మూడుసార్లు పై మెట్టుకు వెళ్లి, పదేళ్లు అద్దె మైదానాల్లో గడిపి, 2015లో మోస్టన్ ప్రాంతంలో బ్రాడ్‌హర్స్ట్ పార్క్ అనే సొంత స్టేడియం కట్టుకుంది. దానికి కావలసిన సొమ్ములో గణనీయమైన భాగాన్ని అభిమానులే కమ్యూనిటీ షేర్ల రూపంలో సమకూర్చారు. అభిమానులకు క్లబ్ నడపడం చేతకాదన్న మాటకు ఇంతకన్నా గట్టి సమాధానం ఇవ్వడం కష్టం.

అయితే వెళ్లినవారిని ‘క్లబ్‌ను వదిలేసినవారు’ అని ఉండిపోయినవారూ, ఉండిపోయినవారిని ‘గ్లేజర్ అప్పు కడుతున్నవారు’ అని వెళ్లినవారూ అనుకోవడం ఆనాడే మొదలైంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు, ఒకే పబ్బులో దశాబ్దాల స్నేహితులు శనివారాల్లో వేరువేరు మైదానాలకు వెళ్లవలసిన స్థితి వచ్చింది. ఈ రెండు నిందల్లోనూ న్యాయం లేదు. తాత కొన్న సీటులో మనవడు కూర్చునే చోట టికెట్ వదులుకోవడం అంటే వస్తువును కొనడం మానేయడం కాదు, కుటుంబ జ్ఞాపకంలో ఒక గదికి తాళం వేయడం. ఆ తాళం వేయలేనివారిని పిరికివారనే హక్కు ఎవరికీ లేదు. అలాగే ఆ తాళం వేసినవారు తమకు ప్రాణమైనదాన్ని స్వయంగా వదులుకున్నారు. ఆ త్యాగాన్ని ద్రోహంగా చిత్రించడం ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆగకపోవడం విచారకరం.

2010లో కాస్త కాలం ఈ గీత చెరిగినట్లే కనిపించింది. అప్పు తీర్చేందుకు క్లబ్ ఆ జనవరిలో సుమారు 50 కోట్ల పౌండ్ల బాండ్లు జారీ చేయడంతో ఆర్థిక వివరాలు బయటికి వచ్చాయి. వాటిని చదివిన అభిమానులు ఎర్ర స్కార్ఫులు పక్కన పెట్టి ఆకుపచ్చ, బంగారు రంగుల స్కార్ఫులు మెడలో వేసుకున్నారు. 1878లో రైల్వే కార్మికులు న్యూటన్ హీత్ పేరుతో ఈ క్లబ్‌ను ప్రారంభించినప్పటి రంగులవి. 1902లో గానీ దానికి మాంచెస్టర్ యునైటెడ్ అన్న పేరు రాలేదు. 2010 మార్చి 10న ఏసీ మిలాన్ తరఫున ఆడి ఓడిన డేవిడ్ బెక్‌హామ్, గ్యాలరీ నుంచి విసిరిన అలాంటి స్కార్ఫును ఓల్డ్ ట్రాఫర్డ్ పచ్చిక మీద మెడలో వేసుకున్న దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. లోపల కూర్చున్నవారు, బయట నిలబడ్డవారు ఇద్దరూ వేసుకోగలిగిన గుర్తు కాబట్టి ఆ స్కార్ఫు అందరినీ కలిపింది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది: వేసుకున్నవారు దేన్నీ వదులుకోనక్కరలేదు, యజమాని దేన్నీ కోల్పోనక్కరలేదు. ఆర్థికవేత్త జిమ్ ఓనీల్ తదితరులు ‘రెడ్ నైట్స్’ పేరుతో క్లబ్‌ను కొనేందుకు చేసిన ప్రయత్నం కూడా ఆ జూన్‌లోనే ఆగిపోయింది. సీజన్ టికెట్లను మూకుమ్మడిగా వదులుకోవాలా అన్న చర్చ జరిగింది గాని, అది ఒక్క నిర్ణయంగా మారలేదు.

బహిష్కరణను సమర్థించేవారు తప్పక చూడవలసిన లెక్క ఒకటుంది. 2024 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో క్లబ్ ఆదాయం 66.18 కోట్ల పౌండ్లు. అందులో స్పాన్సర్లు, సరుకుల అమ్మకాల వంటి వాణిజ్య ఆదాయం 30.29 కోట్లు, ప్రసార హక్కుల ఆదాయం 22.18 కోట్లు కాగా, మ్యాచ్ రోజున స్టేడియం నుంచి వచ్చింది 13.71 కోట్లు మాత్రమే, అంటే మొత్తంలో దాదాపు ఐదో వంతు. ఖాళీ అయిన సీటు కోసం ఎదురుచూసేవారు ఎప్పుడూ ఉండే క్లబ్‌లో ఆ ఐదో వంతును సున్నా చేయడం ఊహకు అందదు. చేసినా మిగతా నాలుగు వంతులు జకార్తాలోనో లాగోస్‌లోనో హైదరాబాదులోనో టీవీ ముందు కూర్చున్నవారి వల్ల వస్తూనే ఉంటాయి. తెలుగు నేల మీద ఎర్ర జెర్సీ కొన్న యువకుడికి ఓల్డ్ ట్రాఫర్డ్ వీధుల్లో సాగే ఊరేగింపుతో ఉన్న నిజమైన సంబంధం ఇదే: అతను చూసే ప్రతి మ్యాచ్ ఆ యజమాని ఆదాయంలో భాగం.

ఆదాయం ఒక సంగతి, అధికారం మరొకటి. 2012 ఆగస్టులో గ్లేజర్ కుటుంబం క్లబ్ షేర్లను న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఒక్కొక్కటి 14 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు వాటిని రెండు తరగతులుగా విభజించింది. సాధారణ మదుపరులు కొనే ‘ఏ’ తరగతి షేరుకు ఒక ఓటు ఉంటే, కుటుంబం తనకోసం ఉంచుకున్న ‘బి’ తరగతి షేరుకు పది ఓట్లు. వచ్చిన సొమ్ములో సగం అప్పు తగ్గించడానికి, సగం కుటుంబానికి వెళ్లింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్ పారిశ్రామికవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ నాలుగో వంతుకు కాస్త పైగా వాటా కొని, స్టేడియం వగైరాల కోసం 30 కోట్ల డాలర్ల పెట్టుబడికి ఒప్పుకుని, ఫుట్‌బాల్ వ్యవహారాల బాధ్యత తీసుకున్నా పది ఓట్ల షేర్లలో అధిక భాగం ఇప్పటికీ కుటుంబం వద్దనే ఉంది. ఈ ఓట్ల నిర్మాణాన్ని తాకని నిరసన ఎంత ఉధృతంగా సాగినా యజమానిని ఇబ్బంది పెడుతుందే గాని కదిలించదు.

మరి ఆటను ఆపితే? 2021 ఏప్రిల్ 18న ఆరు ఇంగ్లండ్ క్లబ్బులతో సహా పన్నెండు క్లబ్బులు యూరోపియన్ సూపర్ లీగ్‌ను ప్రకటించాయి. అది వ్యవస్థాపక క్లబ్బులకు ఓడినా స్థానం పోదన్న హామీ ఇచ్చే, దాదాపు మూసివున్న పోటీ. అభిమానుల ఆగ్రహంతో ఏప్రిల్ 20 నాటికే ఆ ఆరూ వెనక్కి తగ్గాయి. మే 2న ఓల్డ్ ట్రాఫర్డ్ బయట గుమిగూడిన వేలాది మందిలో కొన్ని వందల మంది లోపలికి చొచ్చుకుపోయి మైదానం మీదకు చేరారు; మరికొందరు ఆటగాళ్లు బస చేసిన లౌరీ హోటల్‌ను చుట్టుముట్టారు; లివర్‌పూల్‌తో జరగవలసిన మ్యాచ్ వాయిదా పడి మే 13న జరిగింది. ఆనాటి ఘర్షణలో పోలీసులకు గాయాలయ్యాయి. గాయపడిన మనిషి ముఖాన్ని లెక్కలోకి తీసుకోని ఏ ఉద్యమ చరిత్రా నిజాయితీగలది కాదు, కాబట్టి ఆ రోజును పండుగలా స్మరించుకోవడం తగదు. అయితే పదహారేళ్లుగా అభిమానులతో ముఖాముఖి మాట్లాడని యజమాని కుటుంబ సభ్యుడు జోయెల్ గ్లేజర్ తర్వాతి నెలలోనే అభిమానుల వేదిక ముందుకు వచ్చాడన్నదీ, అభిమానుల సలహా మండలి ఆ తర్వాతనే ఏర్పడిందన్నదీ కూడా సత్యమే. గేటు ఆదాయాన్ని తాకని ఆ రోజు ప్రసార ఆదాయాన్ని తాకింది. యాజమాన్యానికి నొప్పి తెలిసిన చోటు అది.

ఆ నొప్పిని ఫలితంగా మార్చుకోవడంలో సంఘాలు తడబడ్డాయి. యజమానుల షేర్లకున్నంత ఓటు బలంతో అభిమానులకు షేర్లు ఇచ్చే పథకం గురించి 2021లో హామీలు వినిపించినా అది కార్యరూపం దాల్చలేదు. అప్పటికి ట్రస్టు చర్చలను నమ్ముకోగా, చర్చలతో విసిగినవారు వీధిని నమ్ముకున్నారు. తర్వాత ఊరేగింపులకు నాయకత్వం వహించిన ‘1958’ బృందం తన పేరును 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో విమాన ప్రమాదానికి గురైన యునైటెడ్ యువ జట్టు జ్ఞాపకం నుంచి తీసుకుంది. 2022 ఏప్రిల్ 16న నార్విచ్‌తో మ్యాచ్‌కు ఆ బృందం, పదిహేడేళ్ల యాజమాన్యానికి గుర్తుగా, తొలి 17 నిమిషాలు అభిమానులు బయటే ఉండాలని పిలుపునిచ్చింది. ఆ పిలుపును పాటించినవారికీ పాటించనివారికీ మధ్య మళ్లీ పాత మాటలే నడిచాయి. 17 నిమిషాల తర్వాత యజమాని ఏం చేస్తే 18వ నిమిషం అవసరం ఉండదో చెప్పే వాక్యం ఆ పిలుపులో లేదు. ‘గ్లేజర్లు వెళ్లిపోవాలి’ అన్నది న్యాయమైన ఆకాంక్షే. కానీ దాన్ని నెరవేర్చే నిర్ణయం, తేదీ, కాగితం ఏదీ ఆ నినాదంలో లేదు.

గెలిచిన ఉద్యమాలను చూస్తే తేడా తెలుస్తుంది. 1998లో రూపర్ట్ మర్డాక్ నియంత్రణలోని బీస్కైబీ టెలివిజన్ సంస్థ ఇదే క్లబ్‌ను 62.3 కోట్ల పౌండ్లకు కొనబోయినప్పుడు, స్వతంత్ర అభిమానుల సంఘమూ చిన్న వాటాదారుల బృందమూ కలిసి గుత్తాధిపత్య విచారణ సంఘం ముందు వాదన వినిపించగా, 1999 ఏప్రిల్‌లో బ్రిటన్ వాణిజ్య మంత్రి స్టీఫెన్ బయర్స్ ఆ కొనుగోలును నిషేధించారు. అక్కడ డిమాండు ఒక్కటే: ఈ అమ్మకం జరగకూడదు. 2016 ఫిబ్రవరి 6న ఆన్‌ఫీల్డ్‌లో, కొత్త స్టాండులో 77 పౌండ్ల టికెట్ పెట్టినందుకు, 77వ నిమిషాన దాదాపు పదివేల మంది లేచి వెళ్లిపోతే కొన్ని రోజుల్లోనే లివర్‌పూల్ యజమానులు ఆ ధరను వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు. ప్రత్యర్థి క్లబ్ నుంచి నేర్చుకోవడం ఓల్డ్ ట్రాఫర్డ్ వారికి మింగుడు పడకపోవచ్చు, అయినా నేర్చుకోదగినది ఇది.

జర్మనీ ఉదాహరణ మరింత లోతైనది. అక్కడ క్లబ్ ఓట్లలో సగానికి పైన ఒక ఓటైనా సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్న ‘50+1’ నియమం 1998 నుంచి అమల్లో ఉంది. ప్రసార వ్యాపారంలో 8 శాతాన్ని బయటి పెట్టుబడిదారుకు ఇరవై ఏళ్లపాటు ఇవ్వాలని లీగ్ 2023 డిసెంబరులో నిర్ణయించగా, అభిమానులు దేశమంతటా మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లను పదేపదే ఆపారు. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రతిపాదనను విరమించుకుంది. ఒకరినొకరు ద్వేషించుకునే క్లబ్బుల అభిమానులు ఒక్కటి కాగలిగారంటే, వారు కాపాడుకోవలసినది ఏమిటో ముందే లిఖితపూర్వకంగా ఉండడమే కారణం.

దీర్ఘకాల బహిష్కరణ అసాధ్యమని దీని అర్థం కాదు. బ్లాక్‌పూల్ అభిమానులు క్లబ్ యజమాని ఓయ్‌స్టన్ కుటుంబానికి ‘ఇక ఒక్క పెన్నీ ఇవ్వం’ అంటూ ఏళ్ల తరబడి సొంత మైదానానికి దూరంగా ఉన్నారు. భాగస్వామి వలేరి బెలకోన్ వేసిన దావాలో ఓడిన కుటుంబం 2019 ఫిబ్రవరిలో కోర్టు నియమించిన రిసీవర్‌కు క్లబ్‌ను వదులుకోవలసి రాగా, ఆ మార్చి 9న పదిహేను వేల మందికి పైగా తిరిగి గ్యాలరీల్లోకి వచ్చారు. యజమానిని దించింది కోర్టు తీర్పే అయినా, ఆ కుటుంబాన్ని ఏకాకిని చేసింది ఆ ఖాళీ సీట్లే. అక్కడ గేటు ఆదాయానికి ఉన్న విలువ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లేదన్నది మాత్రం మరువరాదు.

నిలబడి అడిగే హక్కు ఎక్కడా రాసి లేకపోతే ఏమవుతుందో తెలుగువారికి ఇటీవలే తెలిసింది. 2019లో పుట్టి 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయినప్పుడు దాన్ని ఆపే మార్గం ఏదీ నగరంలోని అభిమానుల చేతిలో లేదు. ఇంగ్లండ్‌లో అలా జరగకుండా చూసేందుకు 2025 జూలైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ పరిపాలన చట్టం స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసింది. క్లబ్బులు దాని లైసెన్సు పొందాలి, అభిమానులను సంప్రదించాలి. కానీ ఆ చట్టం 2005 నాటి కొనుగోలును వెనక్కి తిప్పదు.

ఈ నేపథ్యంలో సంఘాలవారి ముందు గడువు గల ప్రశ్న ఒకటుంది. 2025 మార్చిలో క్లబ్ లక్ష మంది కూర్చునే కొత్త స్టేడియం ప్రణాళికను ప్రకటించింది. దాని అంచనా వ్యయం సుమారు 200 కోట్ల పౌండ్లు. సిబ్బందిలో వందల మందిని తొలగించి, 2024 డిసెంబరు నుంచి కొన్ని టికెట్లను పిల్లలకూ వృద్ధులకూ రాయితీ లేకుండా 66 పౌండ్లు చేసిన యాజమాన్యం ఆ 200 కోట్లను ఎక్కడి నుంచి తెస్తుందన్నదే రాబోయే ఇరవై ఏళ్ల చరిత్ర. ఆ రుణం మళ్లీ క్లబ్ నెత్తిన పడితే, 2005లో జరిగింది రెట్టింపుకు పైగా పరిమాణంలో మరోసారి జరుగుతుంది, ఈసారి ప్రగతి పేరుతో.

కాబట్టి నిరసన రూపాల మీద ఏకాభిప్రాయం కోసం ఎదురుచూడకుండా, డిమాండు మీద మాత్రం ఒప్పందానికి రావాలని ఈ లేఖ కోరుతోంది: స్టేడియం రుణ ఒప్పందాల మీద సంతకాలు కావడానికి ముందే, అభిమానుల సంస్థకు పది ఓట్ల తరగతి షేర్లు దక్కాలి, పేరు, రంగులు, మైదానం, లీగ్ మార్పు వంటి విషయాల్లో ఆ సంస్థకు అడ్డుకునే హక్కు కంపెనీ నియమావళిలో చేరాలి. ట్రేసీ క్రౌచ్ నేతృత్వంలోని సమీక్ష 2021 నవంబరులో సిఫార్సు చేసిన ‘గోల్డెన్ షేర్’ అంటే ఈ రెండో అంశమే. ఆ డిమాండు నెరవేరేదాకా ఊరేగేవారు ఊరేగవచ్చు, టికెట్ వదిలేవారు వదలవచ్చు, చర్చించేవారు చర్చించవచ్చు. హింసకు దూరంగా ఉన్నంతవరకు ఒకరి దారిని మరొకరు బహిరంగంగా ఖండించకుండా ఉంటే చాలు.

దీనికి రహస్య బ్యాలెట్ నిర్వహించాలి. ఆ బ్యాలెట్‌లో ఏ రకం నిరసన మంచిదన్న ప్రశ్న ఉండనక్కరలేదు. డిమాండును ఆమోదిస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్నే ఉండాలి. ఓటర్ల జాబితాలో ఇప్పటి సీజన్ టికెట్‌దారులతో పాటు, ధర భరించలేక మానుకున్నవారు, 2005లో టికెట్ వదులుకుని మోస్టన్ దారి పట్టినవారు కూడా ఉండాలి.

ఇట్లు,
అభిమాన సంఘాల శ్రేయస్సు కోరే ఒక తెలుగు వ్యాసకర్త